మాణిక్యానికి బాల్కనీ సీటు

ఢిల్లీలో మా తెలుగువాళ్లకి ఒక సినిమా బాగుందో లేదో తెలియాలంటే పత్రికలు తిరగెయ్యనక్కర్లేదు. ఆదివారం ఆట వదిలాక బస్టాపులో నిలబడి "మాణిక్యం ఏడ్చిందా?" అని అడిగితే చాలు. ఏడ్చిందంటే సినిమా బాగున్నట్టు. రెండుసార్లు ఏడ్చిందంటే మళ్లీ తెప్పించాల్సిన సినిమా. అసలు ఏడవలేదంటే ఆ సినిమా తీసినవాళ్ల ఊసు కూడా మేం ఎత్తేవాళ్లం కాదు.

ఈ మాణిక్యం నటీమణి కాదు, పండితురాలు కాదు. కంటోన్మెంటులో ఉండే ఫిరంగి దళం హవల్దారు జోగయ్య భార్య. ఊరు పలాస పక్కన. పొట్టి మనిషి, గట్టి మనిషి. చలికాలంలో చీర మీద మొగుడి మిలిటరీ స్వెటరు తొడుక్కుని, దాని చేతులు మోచేతుల దాకా మడిచి, యుద్ధానికి వెళ్తున్నట్టే సినిమాకి వచ్చేది.

తొంభై మూడో, తొంభై నాలుగో సంవత్సరం మాట. అప్పటికింకా ఇళ్లలోకి తెలుగు చానళ్లు రాలేదు. దూరదర్శన్ వాళ్లు ఎప్పుడో ఒక ఆదివారం మధ్యాహ్నం దయతలచి మన భాష సినిమా ఒకటి వేసేవారు. మిగతా కరువంతా తీర్చేది మా తెలుగు సంఘమే. దక్షిణ ఢిల్లీలో ఒక హిందీ సినిమా హాలుని నెలకో ఆదివారం పొద్దున్న అద్దెకి తీసుకునేవాళ్లం. పన్నెండింటికి హిందీ ఆట మొదలవుతుంది కాబట్టి ఈలోపు మా ఏడుపులూ నవ్వులూ ముగించుకుని హాలు ఖాళీ చెయ్యాలి. సినిమా పెట్టె ఆంధ్రా నుంచి రైల్లో వచ్చేది. వచ్చేసరికి ఆ ప్రింటు ఆంధ్రదేశంలో అన్ని ఊళ్లూ తిరిగి, గీతలు పడి, తెర మీద ఎప్పుడూ వాన కురుస్తున్నట్టే ఉండేది. నేను, అంటే జనార్దనరావు అనబడే కేంద్ర ప్రభుత్వ గుమాస్తాని, ఆ సంఘానికి ప్రచార కార్యదర్శిని. కార్డులు రాసి పోస్టులో పడెయ్యడమే ప్రచారం.

హాల్లో ఎవరెక్కడ కూర్చోవాలన్నది మా అధ్యక్షులు అనంతరామయ్యగారు నిర్ణయించారు. ఆయన డిప్యూటీ సెక్రటరీ. మనిషి మంచివాడే, కానీ ఇద్దరు మనుషులు కనపడితే ఎవరు సీనియరో తేల్చకుండా ఉండలేడు. ఢిల్లీలో ప్రభుత్వం ఉద్యోగస్తుల క్వార్టర్లని టైప్ వన్, టైప్ టూ అని హోదాని బట్టి విడదీసింది కదా, ఆయన దాన్ని సినిమా హాలుకి కూడా వర్తింపజేశాడు. టైప్ వన్ వాళ్లు తెర ముందు. వాళ్ల వెనక టైప్ టూ, ఆ వెనక టైప్ త్రీ. టైప్ ఫోరూ ఆపైనా బాల్కనీ. దీనివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే ఘాజియాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకున్న భీమశంకరంగారికి ఏ టైపూ లేకుండా పోయింది. నంద్యాల మనిషి, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్, పాపం సంపాదనాపరుడు. ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలక తలుపు పక్కన ఇనపకుర్చీ వేశారు. కమిటీ తేల్చేదాకా ఆయన అక్కడే కూర్చుని సినిమాలు చూశాడు. నాకు తెలిసి కమిటీ ఇప్పటికీ తేల్చలేదు.

హవల్దారు ఏ టైపుకి సమానం అన్నదాని మీద కూడా పెద్ద చర్చే జరిగింది. చివరికి జోగయ్యకి తెర ముందు రెండో వరసలో, కుడిచేతి వైపు చివర, రెండు సీట్లు ఖాయం చేశారు. చివర్నుంచి రెండో సీట్లో ఆయన, ఆయనకి కుడిపక్కన చివర్న మాణిక్యం.

కుడిపక్కనే ఎందుకంటే, ఏళ్ల తరబడి ఫిరంగుల పక్కన నిలబడ్డ మనిషికి ఎడమచెవి ఎప్పుడో పోయింది. కుడిచెవి మాత్రం, దగ్గరగా వచ్చి గట్టిగా చెబితే అందుకునేది. ఆ హాలు స్పీకర్లలోంచి వచ్చే తెలుగు మంచి చెవులున్న మాకే సగం అర్థమయ్యేది కాదు. అంచేత మాణిక్యం మొగుడి చెవిలో నోరుపెట్టి, తెర మీద ఎవరేమంటున్నారో మొదటినించి చివరిదాకా చెప్పేది. రహస్యంగా చెబుతున్నాననే అనుకునేది. అయిదు వరసలకి వినపడేది.

తెర మీద నాయకుడు "నా హృదయాంతరాళాల్లో నీ రూపమే ప్రతిష్ఠించుకున్నాను" అనేవాడు.

"ఆడికి దాని మీద మనసైపోనాది మావా," అనేది మాణిక్యం. "సెప్పుకోనేక సస్తన్నాడు."

"మరి సెప్పీమను," అనేవాడు జోగయ్య. చెవుడు కదా, ఆయన గొంతు బాల్కనీ దాకా వెళ్లేది.

మొదట్లో జనం "ష్" అన్నారు, వెనక్కి తిరిగి గుడ్లురిమారు. తర్వాత ఏమైందో గానీ "ష్" అనేవాళ్లని "ష్" అనడం మొదలైంది. ఢిల్లీలో పుట్టిన పిల్లలకి తెర మీద తెలుగు కొరుకుడు పడేది కాదు, మాణిక్యం తెలుగు మాత్రం ఇట్టే ఎక్కేది. ఆవిడ ఊపిరి పీల్చుకోడానికి ఆగితే చాలు, వెనక వరసల్లోంచి "ఆంటీ, ఫిర్ క్యా హువా?" అని, తర్వాతేమైందో చెప్పమని అరిచేవాళ్లు. ఇక కష్టాల ఘట్టం వచ్చిందంటే, ఆ కష్టాన్ని మొగుడికి తన నోటితో చెప్పాలి కదా, చెబుతూ చెబుతూ ఆవిడ గొంతు పూడుకుపోయేది. "ఆల్ల అమ్మ సచ్చిపోనాది మావా" అనేసరికి బావురుమనేది. రెండో వరస ఏడ్చేది. అది చూసి మూడో వరస. అలా ఏడుపు టైపుల వారీగా వెనక్కి పాకి, టైప్ త్రీ దగ్గర ఆగిపోయేది. బాల్కనీకి ఎక్కేది కాదు. అక్కడ వాళ్లు మెట్లెక్కేటప్పుడే మనసు గట్టిచేసుకుంటారు.

అలా మాణిక్యం పేరు మోగిపోయింది. ఫరీదాబాద్ నుంచి, ఘాజియాబాద్ నుంచి మెటాడోర్ వ్యానులు మాట్లాడుకుని వచ్చేవాళ్లు, "ఆవిడ వస్తోందా?" అని ముందు కనుక్కుని మరీ. పేరొచ్చాక ఊరుకుంటారా? మోతీబాగ్‌లో ఒకాయన కూతురి పెళ్లికి అప్పగింతల వేళ ఏడవడానికి ఆవిణ్ని పిలిచాడు. పెళ్లికూతురి తల్లికి కన్నీళ్లు రావని బెంగట. మాణిక్యం వెళ్లింది, శుభ్రంగా భోంచేసింది. అప్పగింతల్లో అందరూ తన వంకే చూస్తుంటే నవ్వొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది. ఇంకొకాయన తన రిటైర్మెంటు టీ పార్టీకి పిలిచాడు. అక్కడా ఏడవలేదు. సమోసాలు పొట్లం కట్టించుకుని మొగుడికి తెచ్చింది.

"ఎవలికోసమో ఏడవమంతే ఏడుపొస్తాదేటి బాబూ?" అంది నాతో. "ఈ సదువుకున్నోల్లకి బుర్ర నేదు." నేనూ చదువుకున్నవాణ్నే గనక ఊరుకున్నాను.

ఇంతలో మా సంఘానికి ఒక అవకాశం వచ్చింది. ఒక కొత్త సినిమా. సంగీతం, ప్రేమ, పేరుప్రతిష్ఠలు, మొత్తం కలిపిన కథ. ఆంధ్రాలో ఆడుతుండగానే ప్రింటు మాకు పంపుతామని పంపిణీదారు ఒప్పుకున్నాడు. మాకది కలలో మాట. కాకపోతే ఆయన తరఫున రాజగోపాల్ అనే కుర్రాడు పెట్టె వెంట వచ్చి, మనవాళ్లు సినిమాని ఎలా తీసుకుంటారో కళ్లారా చూసి చెప్పాలట. అతను బాగుందని చెబితే ఇకముందు కొత్త ప్రింట్లు ఢిల్లీకే ముందు వస్తాయి. లేకపోతే మా వాన మాకే.

అనంతరామయ్యగారు వెంటనే కమిటీ వేశారు.

"రాజగోపాల్ బాల్కనీలో కూర్చుంటాడు. ఏడుపేమో కిందెక్కడో స్టాల్స్‌లో. అతనికి ఎలా కనపడుతుందండీ? విజిబిలిటీ జీరో," అన్నారు. "అంచేత మాణిక్యాన్ని బాల్కనీకి షిఫ్ట్ చేద్దాం. మా ఆవిడ పక్కన. టెంపరరీ బేసిస్ మీదే."

"మరి జోగయ్య?" అన్నాన్నేను.

"హవల్దారు బాల్కనీలోనా? జనార్దనరావుగారూ, ఇవాళ ఒకణ్ని ఎక్కిస్తే రేపు రెజిమెంటు మొత్తం మెట్ల మీద ఉంటుంది. ఆవిడదంటే స్పెషల్ టాలెంటు కింద రిలాక్సేషన్ ఇస్తున్నాం. ఆయనకేం టాలెంటుందని?"

చెవుడే ఆయన టాలెంటు, అది లేకపోతే ఆవిడకి ఏడుపే లేదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ మినిట్స్‌లో ఎలా రాస్తారా అని ఆలోచిస్తూ ఉండగానే తీర్మానం పాసైపోయింది.

కబురు నేనే పట్టుకెళ్లాను. కంటోన్మెంటులో వాళ్ల క్వార్టరు ముందు జోగయ్య మంచం మీద కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. విషయం మాణిక్యం ఆయన చెవిలో అరిచి చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"బాల్కనీయా! ఎల్లు, ఎల్లు. పెద్దోల్లు పిలిసినారు. ఆర్డరంతే ఆర్డరే."

మాణిక్యం నన్ను సాగనంపడానికన్నట్టు గేటు దాకా వచ్చి అక్కడ ఆగింది. "బాబూ, మిలట్రీ ఆస్పత్రిలో సూపించినాం. ఆ కుడిసెవి కూడా ఎల్లిపోతన్నాదంత. మందు నేదన్నారు. ఉన్నన్నాల్లూ ఇనిపించుకోడమేనంత," అంది. "ఈ సినిమా పాటలదని తెలిసినకాడ్నించీ ఆయన ఒకటే సంబరం. ఆదివారమెప్పుడు, ఆదివారమెప్పుడని. ఇప్పుడు ఇనకపోతే మరెప్పుడింతాడు? నాను మేడ మీద కూకుంతే ఆయనకెవలు సెప్తారు?"

ఆవిడ ఏడవలేదు. ఏడుస్తుందేమోనని నేనే భయపడ్డాను. ఇంత కష్టం కళ్లలో నీళ్లు లేకుండా చెప్పగలదని నాకప్పటిదాకా తెలియదు. నాకు అనంతరామయ్యగారి మీద ఒళ్లు మండింది. తిన్నగా వాళ్లింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన రాయి కాదు. విన్నారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయ్యో పాపం," అన్నారు. "అయితే ఆల్టర్నేట్ అరేంజ్‌మెంట్ చేద్దాం. ఆవిడ డ్యూటీ మీరు చెయ్యండి."

"నేనా?"

"మీరు తెలుగు ఎమ్మే కదండీ. ఆవిడకన్నా బాగానే చెబుతారు."

అలా ఆ ఆదివారం పొద్దున్న నేను టైప్ త్రీ నుంచి దిగి, రెండో వరసలో, జోగయ్య కుడిపక్కన, మాణిక్యం సీట్లో కూర్చున్నాను. జోగయ్య కొత్త చొక్కా వేసుకుని, చెవిలో దూది తీసి, నా వైపు ఒరిగి సిద్ధంగా ఉన్నాడు. బాల్కనీలో ముందు వరసలో మాణిక్యం. ఆవిడకి ఒక పక్క అధ్యక్షులవారి భార్య తాయారమ్మగారు, ఒళ్లో ఇస్త్రీ చేసిన రెండు చేతిరుమాళ్లు, ఒకటి తనకి, ఒకటి మాణిక్యానికి. ఇంకోపక్క రాజగోపాల్, చేతిలో టార్చిలైటు. మాణిక్యం కళ్లు తడిశాయో లేదో చూడ్డానికి అతను మధ్యమధ్య ఆ లైటు ఆవిడ ముఖం మీద వేసేవాడు. చూస్తున్నవాళ్లంతా సినిమా వదిలి ఆ వెలుతురు వంకే చూసేవాళ్లు.

సినిమా కథ నిజంగానే బాగుంది. ఒక ఊరి బస్టాండులో మైకులో బస్సుల పేర్లు చదివే పిల్ల. ఆమె గొంతు ఎంత తీపంటే, ప్రయాణికులు వింటూ నిలబడిపోయి బస్సులు తప్పిపోతుంటారు. ఆ మైకు పాడైనప్పుడల్లా డిపో మెకానిక్ వచ్చి బాగుచేస్తాడు. మైకు మరీ అన్నిసార్లు ఎందుకు పాడవుతోందో మనకి అర్థమవుతూనే ఉంటుంది. ఒకరోజు మద్రాసు వెళ్లాల్సిన సంగీత దర్శకుడొకడు ఆ గొంతు విని బస్సు తప్పిపోయి, ఆ పిల్లని తనతో తీసుకుపోతాడు. ఆ పిల్ల పాట దేశమంతా మోగిపోతుంది. మెకానిక్ ఆ పాటని టీ కొట్టు రేడియోలో వింటాడు.

ఇదంతా నేను జోగయ్యకి చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టాను.

"నాయిక తన నిస్సహాయతను వ్యక్తం చేస్తోంది," అన్నాను ఆయన చెవిలో.

"ఏటి బాబూ? జొరమా?"

"జ్వరం కాదు. బాధ."

"ఎక్కడ?"

"మనసులో."

"ఓహో," అన్నాడు జోగయ్య, నామీద గౌరవం కొద్దీ. మళ్లీ తెర వంక చూసి, "అదేటి, పాడతన్నాదా, ఏడతన్నాదా?" అన్నాడు.

"పాడుతోంది. విరహ గీతం."

"ఏటని పాడతన్నాది?"

ఆ పాటలో పదాలు నాకు తెలిసినవే. ఒక్కొక్కటే చెప్పాను. అన్నీ చెప్పాక ఆయన తల ఊపాడు. ఆ ఊపడం చూస్తే, ఆఫీసులో పెద్దాఫీసరు ఇంగ్లీషులో ఏదో అంటే నేను ఊపే తలలాగే ఉంది. నాకు సిగ్గేసింది. ఎమ్మేలో నాకు చెప్పిందంతా ఒక్క మనిషి చెవిలోకి వెళ్లలేకపోయింది.

పైన పరిస్థితి ఇంకా ఘోరం. ఇంటర్వెల్‌లో అనంతరామయ్యగారు మెట్లు దిగి పరుగున వచ్చారు. "ఒక్క చుక్క లేదండీ! రాయిలా కూర్చుంది. మా ఆవిడ రుమాలు అందిస్తే దాంతో కుర్చీ తుడిచింది. రాజగోపాల్ టార్చి బ్యాటరీలు అయిపోవస్తున్నాయి. ఏం చేద్దాం?"

"కిందికి పంపించండి," అన్నాను.

"ఇప్పుడు పంపిస్తే డిమోషన్ అవుతుంది. ఆవిడ ఫీలవదూ?"

హాల్లో ఎవరూ ఏడవలేదు. అది ఇంకా విచిత్రం. స్టాల్స్‌లో ఆడవాళ్లు కొంగులు సిద్ధం చేసుకుని బాల్కనీ వంక చూస్తున్నారు, ఆవిడ మొదలుపెడితే మొదలుపెడదామని. ఆవిడ ఏడవకుండా తామేడిస్తే తప్పేమోనని ఒక అనుమానం. తలుపు దగ్గర ఇనపకుర్చీలో భీమశంకరంగారికి ఒక్కసారి ముక్కు చీదాల్సి వచ్చి, చుట్టూ చూసి మానుకున్నాడు.

ఇంటర్వెల్ తర్వాత కథ ముదిరింది. అంత గొప్ప గాయని అయిన పిల్లకి సొంత ఊళ్లో సన్మానం. మైదానం నిండా జనం. సరిగ్గా పాడే వేళకి మైకు పాడైంది. ఎవరో పోయి మెకానిక్‌ని పట్టుకొచ్చారు. అతను వేదిక కింద దూరి, చీకట్లో వైర్లు కలుపుతున్నాడు. పైన ఆ పిల్ల అందరికీ దండాలు పెడుతోంది. సంగీత దర్శకుడికి, నిర్మాతకి, ఊరి పెద్దలకి, చదువులతల్లికి. కింద ఉన్నవాడి పేరు మాత్రం చెప్పలేదు. ఉన్నాడని తెలియదు కదా.

హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేటంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో జోగయ్య గొంతు ఖంగుమంది.

"ఏటంతన్నాది బాబూ ఆ పిల్ల? ఆడి పేరు సెప్పిందా, నేదా?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. జోగయ్య తెరిచిన నా నోటి వంక చూసి, తనకే వినపడడం లేదనుకున్నాడు. తన కుడిచెవి మీద అరిచేత్తో గట్టిగా రెండుసార్లు తట్టుకున్నాడు. "పోనాదేటి? ఇది కూడా పోనాదేటి?" అన్నాడు, ఎవరితోనో.

బాల్కనీలో కుర్చీ ధడాలున మడతపడ్డ చప్పుడైంది.

"సెప్పనేదు మావా!"

నేను తలెత్తి చూశాను. మాణిక్యం బాల్కనీ కటకటాల మీదికి సగం వంగిపోయి ఉంది. పడిపోతుందేమోనని తాయారమ్మగారు ఆవిడ స్వెటరు వెనకనించి రెండు చేతులా పట్టుకున్నారు. రాజగోపాల్ కంగారులో టార్చి కింద జోగయ్య ముఖం మీద వేశాడు.

"సెప్పనేదు!" అని అరిచింది మాణిక్యం. "అందరి పేరులూ సెప్పింది, ఆడి పేరు సెప్పనేదు! ఆడు కిందనే ఉన్నాడు మావా! దానికి తెల్దు! పైకెక్కిపోనాది కదా, కనపడనేదు!"

ఇంక ఆ ఏడుపు చూడాలి. నా జన్మలో అలాంటి ఏడుపు మళ్లీ వినలేదు. కింద అన్ని టైపులూ ఒక్కసారే భోరుమన్నాయి. అనంతరామయ్యగారు "సైలెన్స్ ప్లీజ్" అని లేచి, తరవాత ఏమనాలో తెలియక కూర్చున్నారు. ప్రొజెక్టర్ గదిలో ఉన్న హర్యానా ఆపరేటరుకి తెలుగు రాదు. బాల్కనీ నుంచి ఒక ఆడమనిషి వేలాడ్డం, కింద మూడొందల మంది ఏడవడం కన్నంలోంచి చూసి, గొడవలు జరుగుతున్నాయనుకున్నాడు. సినిమా ఆపేసి, లైట్లు వేసి, "క్యా హువా భాయ్? కోయీ మర్ గయా క్యా?" అని, ఎవరో చచ్చిపోయారేమోనని అరిచాడు.

తెర తెల్లగా ఉండిపోయింది. ఆ పిల్ల మైకు నోటి దగ్గర పెట్టుకుంటూ ఉండగా ఆగిపోయింది.

"తరవాత?" అన్నాడు జోగయ్య, కుర్చీలోంచి లేచి, తల పైకెత్తి, కుడిచెవి బాల్కనీ వైపు తిప్పి. లైట్లు వెయ్యడం, సినిమా ఆగడం ఆయన పట్టించుకోలేదు. ఆయన సినిమా ఆగలేదు. "తరవాతేటైనాదే?"

మాణిక్యం తెల్ల తెర వంక చూసింది. మొగుడి వంక చూసింది. ముక్కు తుడుచుకుంది.

"పాడనేదు మావా," అంది. "మైకు ఒట్టుకొని ఏటి సదివిందనుకున్నావు? బస్సుల పేర్లు సదివింది. ముందటిలాగే. టెక్కలి, నౌపడ మీదగా పలాస ఎల్లే బస్సు సిద్దంగా ఉన్నాది, ఎక్కేవోల్లు ఎక్కండి అంది. సోంపేట, ఇచ్ఛాపురం బస్సు ఎనక నిలబడ్డాది అంది."

"అదీ!" అన్నాడు జోగయ్య. "అప్పుడాడికి తెలిసింటాది!"

"తెలీదేటి? వొచ్చీసినాడు. సేతులకి గ్రీజు తుడుసుకోని బైటికొచ్చీసినాడు."

అప్పుడొక విచిత్రం జరిగింది. ఇప్పుడు చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ. తలుపు దగ్గర భీమశంకరంగారు ఇనపకుర్చీలోంచి లేచి, కళ్ల నీళ్లతో, "అమ్మా, నంద్యాల బస్సు ఉండాదా?" అని అడిగాడు.

"ఉన్నాది బాబూ. నంద్యాల బస్సు కూడా ఉన్నాది," అంది మాణిక్యం.

"జగిత్యాల?" అన్నారెవరో.

"ఉన్నాది."

"కైకలూరు?"

"ఇప్పుడే వొచ్చింది. సీట్లు కాలీ."

ఇక హాలంతా లేచింది. ఎవరి ఊరు వాళ్లు అరుస్తున్నారు. మాణిక్యం ఒక్కొక్కళ్లకీ జవాబు చెబుతోంది, ఏ బస్సూ లేదనకుండా. ఢిల్లీలో పుట్టి ఏ ఊరూ తమది కాని పిల్లలు కూడా ఊరుకోలేక "సరోజినీనగర్, ఆంటీ?" అన్నారు. బాల్కనీలో అనంతరామయ్యగారు అటూ ఇటూ చూసి, తన కింద పనిచేసేవాళ్లెవరూ తనని చూడటం లేదని రూఢి చేసుకుని, చాలా నెమ్మదిగా, "బాపట్ల..." అన్నారు.

"మీది ఎక్సుప్రెస్సు బాబూ," అంది మాణిక్యం.

ఆయన కూలబడి చేతుల్లో ముఖం దాచుకున్నారు. తాయారమ్మగారు స్వెటరు వదలకుండానే ఏడుస్తున్నారు. రెండు రుమాళ్లూ రాజగోపాల్ దగ్గర ఉన్నాయి.

"మరి ఆల్లిద్దరూ?" అని జోగయ్య అరిచాడు.

"ఎక్కీసినారు మావా. ఇద్దరూ ఒకే సీటులో కూకున్నారు."

జోగయ్య తృప్తిగా కూర్చున్నాడు. "బాగుంది," అన్నాడు నాతో. "సినిమా బాగుంది."

జనం చెప్పులు వెతుక్కుని బయటికి నడిచారు. పెట్టెలో ఇంకా ఒక రీలుందని రాజగోపాల్ మెట్ల దగ్గర నిలబడి మొత్తుకున్నాడు. "సార్, అయిపోలేదండీ! క్లైమాక్సుందండీ! ఆవిడ చెప్పింది మా సినిమాలో లేదండీ!" ఎవరూ వినలేదు. బయట హిందీ ఆటకి వచ్చినవాళ్లు, ఇంతమంది కళ్లు తుడుచుకుంటూ వస్తున్నారని అది ఏ సినిమానో కనుక్కుని, తర్వాతి ఆటకి అదే వెయ్యమని హాలువాళ్లతో పేచీ పెట్టుకున్నారు.

ఆ చివరి రీలు ఢిల్లీలో ఎవరూ చూడలేదు. రాజగోపాల్ వెళ్లి పంపిణీదారుకి ఏం చెప్పాడో తెలియదు గానీ, మాకు కొత్త ప్రింట్లు రావడం మొదలైంది. తర్వాత ఆంధ్రా నుంచి వచ్చే చుట్టాలు చెప్పేవారు, అసలు సినిమాలో ఆ మెకానిక్ వేదిక కింద కరెంటు షాకు కొట్టి చచ్చిపోతాడని, ఆ పిల్ల శవం మీద పడి చివరి పాట పాడుతుందని. మేం ఒప్పుకునేవాళ్లం కాదు. పెళ్లిళ్లలో ఆడపెళ్లివారు ఢిల్లీవాళ్లూ మగపెళ్లివారు ఆంధ్రావాళ్లూ అయితే ఈ విషయం మీద భోజనాల దగ్గర మాటామాటా వచ్చేది. మేం మూడొందల మందిమి స్వయంగా విన్నాం. ఢిల్లీలో ఆ మెకానిక్ బతికే ఉన్నాడు, బస్సెక్కి వెళ్లిపోయాడు.

మాణిక్యానికి బాల్కనీ సీటు శాశ్వతం చెయ్యాలని అనంతరామయ్యగారు ప్రతిపాదించారు, ఈసారి జోగయ్యకి కూడా రిలాక్సేషన్‌తో. అవసరం రాలేదు. చలికాలం వెళ్లేలోగా జోగయ్య కుడిచెవి కూడా పోయింది. ఆ వేసవిలో పెన్షను మీద ఊరికి వెళ్లిపోయారు.

స్టేషనుకి నేను వెళ్లాను. రైలు కదలడానికి ఇంకా వేళ ఉంది. జోగయ్య కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, ప్లాట్‌ఫారం అంతా వినపడేలా, "బాబూ, ఆ సినిమాలో పాటలు శానా బాగున్నాయంత కదా," అన్నాడు.

అవునని తలూపాను.

"నాకు పాటలు ఇనపడనేదు. బస్సులు మటుకు అన్నీ ఇనపడ్డాయి."

మాణిక్యం సామాన్లు సర్ది, మంచినీళ్ల కూజా కాళ్ల దగ్గర పెట్టుకుని, సీటు తుడిచింది. ఇప్పుడు ఏ పక్కన కూర్చున్నా ఆయనకి ఒకటే. అయినా ఆవిడ వెళ్లి కుడిపక్కనే కూర్చుంది.